ఇంటిబుట్ట

ఆమెను వీధి వీధంతా మచ్చలమ్మ అని పిలుస్తుంది. ఆమె ముఖం మీద మచ్చ ఒక్కటీ లేదు, ఆ సంగతి ముందే చెప్పుకోవాలి. నాలుగంతస్తుల ఇంటి మెట్ల కింద, ఒక మనిషి కాళ్ళు బార్లా చాపితే నిండిపోయేంత జాగాలో ఆమె కూరగాయల కొట్టు. ఎవరు ఏది కొన్నా, కాటాలో వేసేముందు ప్రతి కాయనీ వేళ్ళ మధ్య ఒకసారి తిప్పి చూస్తుంది. టమాటా అడుగున ఇంత మచ్చ కనపడిందా, "ఇది మీకొద్దులెండి, మచ్చుంది" అని పక్కకు తీసేస్తుంది. బెండకాయ కొస తనే విరుస్తుంది. టప్పున విరిగితే సంచిలోకి, వంగితే పక్కకి. సొరకాయ మీద గోరు గుచ్చి చూసుకునే శ్రమ కొనేవాళ్ళకు లేదు, ఆ గోరు కూడా ఆమెదే. మచ్చలమ్మ పుచ్చు వంకాయ అంటగట్టిందని చెప్పే మనిషి ఇంతవరకూ పుట్టలేదు.

మరి పక్కకు తీసినవన్నీ ఏమవుతాయి? బల్ల కింద ఒక వెదురుబుట్ట ఉంటుంది. దాని పేరు ఇంటిబుట్ట. వంగిన బెండకాయ, ఒక పక్క మెత్తబడ్డ టమాటా, గింజ ముదిరిన సొరకాయ ముక్క, ఆకులు పసుపెక్కిన పాలకూర, పురుగు తొలిచిన జామకాయ, అన్నీ అందులోకే. కొట్టు కట్టేశాక ఆ బుట్టను చంకన పెట్టుకుని వెనక ఉన్న రెండు గదుల్లోకి వెళ్తుంది. కుళ్ళు కోసి పారేస్తుంది, మిగిలింది వండుతుంది. ఆ ఇంట్లో కూర అంటే అదే.

ఈ పద్ధతి ఆమె పెట్టింది కాదు, అత్తగారు పెట్టింది. భర్త పోయి, చంకలో పిల్లాడితో నడిరోడ్డున పడ్డ రోజుల్లో ఆవిడ ఒక్క గంప దించి ఇదే వీధి మొదట్లో కూర్చుంది. "మంచిది గంపకి, మచ్చది ఇంటికి" అనేది ఆవిడ నియమం. గంప బండి అయింది, బండి కొట్టయింది, కోడలొచ్చింది, నియమం మాత్రం ఇసుమంతైనా కదల్లేదు. ఇప్పుడు ఆవిడ కొట్టు లోపలి మూల ఎత్తుపీట మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటుంది. కళ్ళు మందగించాయి గానీ గొంతు మందగించలేదు. "జామకాయలండీ జామకాయలు! కొరికితే తేనె!" అని అక్కణ్ణుంచి అరిస్తే మూడో అంతస్తులో వాళ్ళు కూడా తలుపు తీస్తారు.

చంకలో ఉన్న ఆ పిల్లాడే మచ్చలమ్మ మొగుడు. సిటీ బస్సు డ్రైవరు. మనిషి బంగారం, నోట్లోంచి పొల్లు మాట రాదు, చేతిలోంచి బస్సు జారదు. తిండి దగ్గరికొచ్చేసరికి మాత్రం మొండిఘటం. కంచం నిండా అన్నం, పక్కన రెండు గుడ్లు, నూనెలో ఎర్రగా వేగిన బంగాళాదుంపలు, పైన ఇంత ఉప్పు. కూర వడ్డించబోతే కంచం మీద అరచెయ్యి అడ్డం పెడతాడు. "మా అమ్మ కూరగాయలమ్మే మనిషి, మా ఆవిడ కూరగాయలమ్మే మనిషి. నాకు కూరగాయ మీద వైరాగ్యం వచ్చేసిందిరా" అని తోటి డ్రైవర్లతో చెప్పి నవ్విస్తాడు. కూతురికి పన్నెండేళ్ళు, తండ్రికి తగ్గ తనయ. కూర గిన్నె మూత తీస్తే ముక్కు మూసుకుంటుంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు అనుకుని మచ్చలమ్మ సరిపెట్టుకునేది. వీధికంతా కూరలు పెట్టే ఇంట్లో ఇద్దరు మనుషులు గుడ్డూ దుంపా తింటున్నారంటే ఇంట్లో ఈగల మోత, బయట పల్లకి మోత అన్నట్టే ఉంది గానీ, ఎవరికీ ఏ లోటూ జరగడం లేదు కదా అని ఊరుకుంది.

లోటు డిపోలో బయటపడింది. ఏటా డ్రైవర్లకు జరిగే పరీక్షలో ఆయన రక్తపోటు చూసి డాక్టరమ్మ రెండోసారి పట్టీ కట్టింది, మూడోసారి కట్టింది. రక్తంలో చక్కెర కూడా హద్దు మీదే ఉందంది. ఒక మాత్ర రాసిచ్చి, "మాత్ర ఒక్కటే సరిపోదు. కంచంలో సగం కూరలుండాలి. రోజూ ఏదో ఒక పండు తినాలి. ఉప్పు, వేపుళ్ళు తగ్గించాలి, కాస్త నడవాలి. రెండు నెలల తర్వాత మళ్ళీ చూస్తాను. అప్పుడూ ఇలాగే ఉంటే నిన్ను స్టీరింగ్ మీద కూర్చోబెట్టమని నేను సంతకం పెట్టలేను" అంది. "ఇంట్లో కూరగాయలు దొరక్క ఇబ్బందా?" అని కూడా అడిగింది పాపం.

"మాది కూరగాయల కొట్టేనండి" అన్నాడాయన.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి ఆయన్ని అలాగే చూసిందట.

ఆ సాయంత్రం ఆయన ఇంట్లోకి రాకుండా మెట్ల మీద కూర్చున్నాడు. మచ్చలమ్మ కాటా వదిలేసి వచ్చి పక్కన కూర్చుంది.

"బస్సు తీసేసుకుంటే గేటు దగ్గర కూర్చోబెడతారంట. వచ్చే బస్సుల నంబర్లు చూసుకుంటూ ఉండాలి. జీతం మాట సరే, అది వదిలెయ్. నేను బస్సు తోలకుండా ఉండలేనే. భయంగా ఉంది నాకు" అన్నాడు.

ఆయన నోట భయం అన్న మాట ఆమె అంతకుముందు వినలేదు. వానలో బ్రేకు పట్టని బస్సును గోడకు రాసి ఆపి, జనాన్ని దింపి, ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయిన మనిషి. ఆమెకూ భయమేసింది. భయమేస్తే ఆమెకు కోపమొస్తుంది, అదొక గుణం.

"ఏడ్చినట్టుంది! కూరలు తినడం కూడా ఒక కష్టమేనా? రేపట్నుంచి చూస్తా ఎలా తినరో!" అని లేచింది.

చూసింది కూడా. మొదటి వారం దండయాత్రే చేసింది. ఇంటిబుట్టలోంచి క్యారెట్ తీసి తురిమి గుడ్డులో కలిపేసింది. ఆయన ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగి, "ఈ గుడ్డుకేంటే, జ్వరమొచ్చిందా, ఇలా ఎర్రబడింది?" అన్నాడు. సొరకాయ రుబ్బి పిండిలో కలిపి రొట్టె కాల్చింది. కూతురు ఒక్క ముక్క తుంచి, "అమ్మా, ఇందులో సొరకాయుంది" అని జేబుదొంగను పట్టుకున్నట్టు అరిచింది. బెండకాయ ఇంత మసాలా దట్టించి వేయిస్తే పీచు పళ్ళలో ఇరుక్కుని ఇద్దరూ రాత్రంతా నాలుకతో కుస్తీ పట్టారు. "తింటే తినండి, లేకపోతే మీ ఖర్మ" అని గిన్నె ఎత్తేసి, మర్నాడు మళ్ళీ తనే వండింది. మూల పీట మీంచి అత్తగారు, "నా కొడుకు నోటికి ఎక్కనిది ఎందుకే కుక్కుతావు?" అని ఒకటి వదిలేది. ఆవిడ మాత్రం ఆ కూర మారు మాట్లాడకుండా తింటుంది. ఆవిడకు రుచితో పని లేదు, పారెయ్యకపోతే చాలు.

రెండో వారంలో ఒక అద్భుతం జరిగింది. మధ్యాహ్నం డ్యూటీకి కట్టిచ్చిన కూర డబ్బా ఖాళీగా తిరిగొచ్చింది. తుడిచినట్టుంది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. మచ్చలమ్మ ఆనందం ఇంతా అంతా కాదు. కొట్టుకొచ్చిన వాళ్ళందరితో, "మా ఆయన కూరలు తింటున్నారు. అంతా పెట్టే చేతిలో ఉందండీ" అని చెప్పుకుంది. కూర ఇంకాస్త ఎక్కువే పెట్టసాగింది.

ఆయన బస్సు కండక్టరు ఒకరోజు ఉల్లిపాయలు కొనడానికొచ్చాడు. అమాయకుడు. అతని కడుపులో ఆవగింజ కూడా దాగదు.

"వదినా, మీ చేతి వంట మహత్యమే మహత్యం. చివరి స్టాపు దగ్గరున్న మేక ఎంత బలిసిందనుకున్నారు! ఇప్పుడది మా బస్సు హారన్ గుర్తుపట్టి పరుగెత్తుకొస్తోంది."

మచ్చలమ్మ చేతిలో ఉల్లిపాయ చేతిలోనే ఉండిపోయింది. "ఏ మేక?"

కండక్టరు నాలిక్కరుచుకున్నాడు, అప్పటికే ఆలస్యమైంది.

ఆ రాత్రి ఆ ఇంట్లో రేగిన గొడవ పైనున్న నాలుగంతస్తులకూ వినపడింది. "అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, నేను ఒళ్ళు హూనం చేసుకుని వండితే మేకకు పోస్తారా? ఆ మేకకేమన్నా లైసెన్సు పోతోందా?" అని ఆమె. "దానికి నచ్చింది, నాకు నచ్చలేదు. ఆ వాసన నా వల్ల కాదే. చిన్నప్పట్నుంచీ ఆ వాసనే" అని ఆయన. చివరికి ఆమె ఏడ్చేసింది. "మీకు బస్సు పోతుందని నేను చస్తుంటే..." అని మాట పూర్తి చెయ్యలేక గోడవైపు తిరిగి పడుకుంది. ఆయన చాలాసేపు మంచం మీద కూర్చునే ఉన్నాడు. క్షమించమనలేదు, తింటాననీ అనలేదు.

నెల తిరిగిపోయింది. ఇంకొక నెలే ఉంది.

పై అంతస్తులో టైలరమ్మ ఒకావిడ ఉంది. బడి నుంచి వచ్చాక మచ్చలమ్మ కూతురు ఆవిడ దగ్గర జాకెట్లకు హుక్కులు కుట్టడం నేర్చుకుంటుంది. ఒకరోజు ఆ పిల్ల చేతిలో గిన్నె పట్టుకుని దిగొచ్చింది.

"అమ్మా, టైలర్ ఆంటీ నీకిమ్మంది. నేను రెండుసార్లు వేయించుకుని తిన్నా."

"ఏంటది?"

"సొరకాయ."

మచ్చలమ్మ పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదు. గిన్నె మూత తీసింది. పెద్ద వంటేం కాదు. ముక్కలు కోసి, కాస్త మిరియం చల్లి, కాసిని పాలు పోసి ఉడికించిందంతే. ఒక ముక్క నోట్లో వేసుకుంది. ముక్క నాలుక మీదే కరిగిపోయింది. తియ్యగా ఉంది. పీచు లేదు, గింజ లేదు, ఆ వాసన లేదు. ఆమెకు ఒళ్ళు మండింది. ఇంత మంచి సొరకాయ తన కొట్లో కొన్నది అయ్యుండదని తీర్మానించేసింది.

"చూశావా ఈవిడ వేషాలు! పొద్దున్నే నా దగ్గర కొన్నట్టు నటించి, వంటకి మాత్రం ఆ మెయిన్ రోడ్డు మీద అద్దాల కొట్లో తెచ్చుకుంటోంది. ఎక్కడ కొన్నదంట ఇది?"

పిల్ల వింతగా చూసింది. "నీ దగ్గరేనమ్మా. పొద్దున నువ్వే గోరు గుచ్చి చూసి, లేతదని ఏరి ఇచ్చావంట కదా."

మచ్చలమ్మకు ఆ సొరకాయ గుర్తుకొచ్చింది. నిజమే, తనే ఇచ్చింది. గోరు గుచ్చగానే వెన్నలోకి దిగినట్టు దిగితే, "ఇది తీసుకోండి వదినా, చాలా లేతగా ఉంది" అంది. అలాంటివి రోజూ ఎన్ని తన చేతుల మీదుగా పోతాయో! ఏది లేతదో, ఏది తియ్యనిదో, ఏది కమ్మనిదో ముట్టుకుని చెప్పగల చేతులు ఇవి. ఈ చేతులతో ఒక్క మంచి కాయ తన పొయ్యి మీద పెట్టలేదు. మొగుడు వాసనంటే మొండితనం అనుకుంది, కూతురు ముక్కు మూసుకుంటే పొగరనుకుంది. వాళ్ళకు కూరంటే ముదురు, పీచు, కుళ్ళు కోసేయగా మిగిలింది. వాళ్ళకు మంచి కూర రుచి తెలిస్తేగా, కావాలనడానికి! దీపం కింద చీకటంటే ఇదే కాబోలు. గిన్నెలో మిగిలింది నిలబడే తినేసింది. సిగ్గేసింది, తిన్నంతసేపూ సిగ్గేస్తూనే ఉంది.

మర్నాడు హోల్‌సేల్ మార్కెట్ నుంచి సరుకు దించగానే, బల్ల మీద సర్దకముందే ఇంటిబుట్ట పైకి తీసింది. చేతికి లేత బెండకాయలు తగిలితే అందులో వేసింది. గట్టిగా ఎర్రగా ఉన్న టమాటాలు వేసింది. ఒక లేత సొరకాయ, ఒక కట్ట పాలకూర, నాలుగు జామకాయలు వేసింది. మూల పీట మీంచి అత్తగారు తల ఎత్తింది. కళ్ళు సరిగా కనపడకపోయినా బుట్టలో కాయ పడే చప్పుడు ఆవిడకు తెలుసు.

"ఏమే, ఇంకా బోణీ కాలేదు. అప్పుడే మచ్చలెక్కడివి?"

"మచ్చలు కాదత్తయ్యా. ఇవి మంచివే. ఇంట్లోకి."

"మతిపోయిందా నీకు? కొట్టు మూసేద్దామనా? ఒకసారి నోటికి మంచిది అలవాటైతే మళ్ళీ మచ్చది దిగుతుందా?"

"దిగదు. అందుకే పెడుతున్నా" అంది మచ్చలమ్మ. ఇంకో రెండు టమాటాలు బుట్టలో వేసింది. ఆవిడ ఆ పూట మళ్ళీ జామకాయల కేక వెయ్యలేదు.

రాత్రి ఆయన వచ్చి కాళ్ళు కడుక్కుని గుమ్మంలో ఆగి, గాలి పీల్చి, "వాసన రావట్లేదేంటే?" అన్నాడు. కంచంలో సగం అన్నం ఉంది. మిగతా సగం చూసి నిట్టూర్చాడు. మేక విషయంలో దొరికిపోయినవాడు కాబట్టి నోరెత్తకుండా ఒక బెండకాయ ముక్క నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. ఇంకొకటి వేసుకున్నాడు. పక్కనున్న పచ్చి టమాటా చక్రం తిన్నాడు.

"ఇది బెండకాయేనా?"

"కాదు, బంగాళాదుంప. తినండి."

"చూశావామ్మా!" అన్నాడు తల్లివైపు తిరిగి, నవ్వుతూనే. "నలభై ఏళ్ళు వచ్చాయి నాకు. ఇన్నాళ్ళూ ఇద్దరూ కలిసి నన్ను మోసం చేశారన్నమాట!"

పాపం సరదాకే అన్నాడు. ఆవిడ తింటున్న ముద్ద కంచంలో పడేసింది.

"మోసమా? ఆ బుట్టే లేకపోతే నువ్వు ఇవాళ బస్సు తోలేవాడివట్రా? ఒక్క గంప సరుకు. అందులో మంచిది నీ నోట్లో పెడితే మర్నాడు గంపలో ఏం పెట్టేదాన్ని? నేను కడుపు కట్టుకుని ఆ మచ్చవి కోసి కోసి పెంచాను నిన్ను. మోసమంట!"

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "అమ్మా, నేను ఊరికే అన్నానే" అన్నాడు. ఆవిడ వినిపించుకోలేదు. మర్నాటి నుంచి ఇంటిబుట్టలో మంచివి పడుతుంటే, ఆవిడ తన పీట పక్కన ఒక చిన్న గిన్నె పెట్టుకుంది. మచ్చవన్నీ తనే అందులో ఏరుకుని, తనకు విడిగా వండుకుని తినడం మొదలుపెట్టింది. కోడలు బతిమాలింది, కొడుకు బతిమాలాడు. ముసలావిడ పంతం పట్టిందంటే ఉడుంపట్టే.

ఆయన మాత్రం తినసాగాడు. అన్నీ ఒక్కసారే నచ్చలేదు. కాకరకాయకు దండం పెట్టాడు. పాలకూరతో నాలుగు రోజులకు సంధి కుదిరింది. సాయంత్రం బస్సు దిగగానే జామకాయో బొప్పాయి ముక్కో లేకపోతే, "ఇవాళ పండు లేదేం?" అని తనే అడిగేవాడు. వేపుడు బాణలి అటక ఎక్కింది. కూతురు సరేసరి, బడికి టమాటాలు పట్టుకెళ్ళి పచ్చివే తినేస్తోంది. కూర డబ్బా ఖాళీగానే వస్తోంది గానీ, ఒకసారి మోసపోయిన మనిషి కదా, మచ్చలమ్మ కండక్టరును పిలిచింది.

"ఏం మరిదీ, మేకెలా ఉంది?"

"దాని సంగతి అడక్కండి వదినా. హారన్ వినగానే వస్తుంది, డబ్బా ఖాళీ చూసి తిట్టుకుంటూ పోతుంది. పాపం, చిక్కిపోయింది."

మచ్చలమ్మకు ఎంత సంతోషమేసిందంటే, అతనికి ఉల్లిపాయల మీద ఒక గుప్పెడు పచ్చిమిర్చి ఊరికే వేసేసింది. మరీ కుళ్ళినవి ఒక సంచిలో పోసి, "ఇది దానికి పెట్టు, ఉసురు తగులుతుంది" అని ఇచ్చింది కూడా.

పరీక్ష రోజు ఆమె కొట్లో కూర్చుందే గానీ ప్రాణం డిపోలోనే ఉంది. బెండకాయ అడిగినవాళ్ళకు బీరకాయ తూచింది. మధ్యాహ్నం వీధి మలుపులో బస్సు హారన్ వినిపించింది. ఆ మలుపులో స్టాపు లేదు, హారన్ కొట్టాల్సిన పనీ లేదు. బస్సు నెమ్మదించింది, ఆయన కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపాడు, వెళ్ళిపోయాడు. డ్రైవరు సీట్లోనే ఉన్నాడు. రక్తపోటు దిగిందట. మాత్ర మానకూడదట, తిండి ఇలాగే ఉండాలట, ఆ వివరాలన్నీ రాత్రికి తెలిశాయి. అప్పటికి మాత్రం ఆ చెయ్యి చూసి మచ్చలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"ఏమైందే? వాడేనా?" అంది మూల నుంచి అత్తగారు.

"ఆయనే అత్తయ్యా. బస్సులోనే ఉన్నారు. తోలుతున్నారు."

ఆవిడ చేతిలో చిక్కుడుకాయ ఒళ్ళో పడింది. పమిటతో ముక్కు తుడుచుకుంది. మచ్చలమ్మ లేచి, బల్ల మీద జామకాయల కుప్పలోంచి పైన ఉన్నదాన్ని తీసింది. కాస్త పసుపు తిరిగి, మెత్తబడి, ఘుమఘుమలాడుతోంది. అది తీసుకెళ్ళి అత్తగారి చేతిలో పెట్టింది.

ఆవిడ వద్దనలేదు. అలవాటు ప్రకారం పీట పక్కనున్న కత్తి తీసుకుంది. జామకాయను వేళ్ళ మధ్య తిప్పింది. బొటనవేలితో అడుగంతా తడిమింది, మళ్ళీ తిప్పింది, కళ్ళ దగ్గరగా పెట్టుకుని చూసింది.

"మచ్చెక్కడుందే? నాకు కనపడి చావట్లేదు. ఎక్కడ కొయ్యాలో చూపించు."

"కొయ్యాల్సిందేమీ లేదత్తయ్యా. అలాగే తినండి."

ఆవిడ ఇంకోసారి తిప్పి చూసి, కత్తి కింద పెట్టింది. ఉన్న నాలుగు పళ్ళతో మెల్లగా కొరికింది. నమిలింది. నములుతూ నములుతూ ఆగిపోయి కోడలి ముఖంలోకి చూసింది.

"ఇన్నేళ్ళూ తేనె, తేనె అని అరిచి అమ్మానే. అయితే నేను అబద్ధం చెప్పలేదన్నమాట" అంది.